పన్నెండు బాణాలు, ఒక ఇంచు తేడా

"ఇగో, నీ బాణాలు నువ్వే పెట్టుకో!"

పన్నెండు బాణాల కట్ట లేత్ మిషన్ పక్కనున్న బల్ల మీద దబ్బున పడింది. సంపత్ గుండె కూడా దాంతోపాటే పడింది. బాణాలు విసిరినందుకు కాదు, విసిరిన మనిషి మూడు వారాల తర్వాత కనిపించినందుకు.

నస్పూర్‌లో కైలాసం లేత్ షాపు ఎక్కడా అంటే బడిపిల్లలు కూడా చూపిస్తారు. కైలాసం బొగ్గుబాయి వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసి దిగిపోయాడు. కొడుకు సంపత్ పగలంతా అక్కడే మోటారు షాఫ్టులు సాపు చేస్తాడు, సాయంత్రాలు బాణాలు చేస్తాడు. వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ పోటీల్లో ఒకప్పుడు తనూ జిల్లా దాకా వెళ్లాడు. తన చెయ్యి వేయడానికి కాదు, చేయడానికి పనికొస్తుందని అక్కడ తెలుసుకుని వెనక్కి వచ్చేశాడు. ఇచ్చోడ నుంచి దశరథం తెచ్చే సన్న వెదురుతో అతను చేసిన బాణాలంటే ఇప్పుడు నాలుగు జిల్లాల్లో పేరుంది.

"ఏమాయె?" అన్నాడు, గొంతు సవరించుకుని.

"ఏమాయెనా? అన్నీ కుడికే పోతున్నయ్. యాభై మీటర్ల కాడ నడిమి పసుపు మీద గురి పెడితే పోయి బయటి నీలంల పడుతున్నయ్. ఇంక పది రోజులల్ల స్టేట్ సెలెక్షన్. నాలుగే సీట్లు. ఈసారి రాకపోతే మా బాపు మస్కట్ నుంచే సంబంధాలు చూసుడు మొదలుపెడ్తడట. నాకు ఇగ విల్లు లేదు, బాణం లేదు."

అలా రుసరుసలాడుతున్న అమ్మాయి జమున. సుల్తానాబాద్‌లో వరి పండించే లస్మవ్వకు, మస్కట్‌లో పనిచేసే ముత్యానికి ఒక్కగానొక్క బిడ్డ. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి బీపీఎడ్ చదువుతోంది. రోజూ అక్కడి గ్రౌండ్‌లో ప్రాక్టీసు, ఆదివారం మాత్రం మంచిర్యాల బస్సెక్కి నస్పూర్‌లో దిగేది. మూడు ఆదివారాలుగా దిగలేదు.

ఊళ్లో అందరూ అతన్ని సంపతన్న అంటారు. జమున మాత్రం ఎనిమిది నెలల పరిచయంలో ఒక్కసారి కూడా అన్న అనలేదు. అలాగని పేరూ పెట్టలేదు. "ఇగో" అంటుంది, "ఓ" అంటుంది, ఏదీ నోటికి రాకపోతే దగ్గుతుంది. ఆ దగ్గు కోసం సంపత్ వారమంతా ఎదురుచూస్తాడు. ఆ ముక్క ఆమెకు చెప్పే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.

"నా బాణాలు పక్కకు పోవు," అన్నాడు ఇప్పుడు పౌరుషంగా.

"పోతున్నయ్!"

"దా, చూద్దాం."

బాణం నేరుగా పోతుందని అందరూ అనుకుంటారు. పోదు. నారి వదలగానే వెనక నుంచి తోపు, ముందు ములికి బరువు, రెండింటి మధ్యా నలిగి కాడ వంగుతుంది. అలా వంగే విల్లును తప్పుకుని, ఆ తర్వాత నిలదొక్కుకుని ముందుకు పోతుంది. కాడ మరీ మెత్తనైతే ఎక్కువ వంగి కుడికి జారుతుంది. మరీ గట్టిదైతే వంగనని మొండికేసి ఎడమకు పోతుంది. మనిషి ఎంత దూరం గుంజితే అంత తోపు, అంత వంపు. అందుకే బాణాన్ని మనిషిని కొలిచి చేయాలి, చొక్కా కుట్టినట్టు.

జమునను సంపత్ ఎనిమిది నెలల కిందట కొలిచాడు. పొడుగాటి కాడను నారికి తొడిగి గుంజమన్నాడు. తను పక్కనే నిలబడి, విల్లు దగ్గర కాడ మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టాడు. ఇరవై ఆరున్నర ఇంచులు. అమ్మాయిల పుట్టినరోజులు గుర్తుపెట్టుకునే కుర్రాళ్లుంటారు. సంపత్ మనసులో ఉన్నది ఈ ఇరవై ఆరున్నరే. దానికి ఇంచున్నర ఎక్కువ పెట్టి కాడలు కోశాడు. ఒక్కో కాడనూ రెండు మేకుల మీద పడుకోబెట్టి, మధ్యలో బరువు వేలాడదీసి, ఎంత వంగుతుందో చూసి, ఒకేలా వంగిన పన్నెండింటిని ఏరాడు. ఎనిమిది గ్రాముల ఇత్తడి ములుకులు తనే లేత్ మీద తీసి లక్కతో అతికించాడు.

షాపు వెనక గడ్డిమోపుల ముందు జమున నిలబడింది. ఎప్పటిలాగే సంపత్ ఆమె పక్కన నిలబడి గడ్డిమోపు మీద చూపు పెట్టాడు. ఈకలున్న బాణాలు ఆరు, ఈకలు లేని బోడి బాణం ఒకటి. ఈకలుంటే బాణం దారిలో తప్పు దిద్దుకుంటుంది. బోడి బాణానికి ఆ అవకాశం లేదు, కాడ కుదరకపోతే అది వెంటనే పక్కన పడి చెప్పేస్తుంది.

ఏడూ ఒక్కచోటే దిగాయి. అరచేతితో కప్పేయొచ్చు.

"చూసినవా?" అన్నాడు సంపత్, లేని మీసం దువ్వుకుంటూ.

జమున నమ్మలేనట్టు గడ్డిమోపు దాకా వెళ్లి చూసి వచ్చింది. "అక్కడ గిట్ల పడుత లేవు."

"మరి అక్కడ ఏమున్నదో నువ్వే చెప్పాలె."

"ఏమున్నది? గ్రౌండ్ ఉన్నది. గాలి ఉన్నది. శరత్ ఉన్నడు."

గ్రౌండ్, గాలి సంపత్ చెవిన పడలేదు.

"శరత్ ఎవరు?"

"శరత్‌చంద్ర. మా సీనియర్. వాళ్లది ఒలింపిక్స్‌ల ఆడే రికర్వ్ విల్లు, కార్బన్ బాణాలు. నేషనల్స్ ఆడిండు. మాకు మంచిగ చెప్తడు. బాణం మెత్తగ పోతున్నదని ఫస్ట్ కనిపెట్టింది శరతే. వీడియో కూడా తీసిండు, చూడు."

మూడు మాటలకొకసారి శరత్! పేరు పెట్టి పిలుస్తోంది! ఇంత పొడుగు, ఇంత బరువు మనిషినైన నేను ఎనిమిది నెలలుగా 'ఇగో'. ఎవడో నిన్నగాక మొన్న వచ్చినవాడు శరత్. సంపత్ చెవుల్లోంచి పొగ రాలేదు గానీ, వచ్చే పనే.

ఫోన్ లాక్కున్నంత పని చేశాడు. వీడియోలో జమున విల్లెత్తి గుంజింది. సంపత్ అక్కడ ఆపి వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ములికి ఆమె పిడికిలికి అర ఇంచు దూరంలో ఉంది. తను కొలిచిన లెక్క ప్రకారం ఇంచున్నర బయట ఉండాలి. అంటే అక్కడ ఇంచు ఎక్కువ గుంజుతోంది. గుంజుడు పెరిగితే తోపు పెరుగుతుంది, అదే కాడ ఎక్కువ వంగుతుంది, బాణం కుడికి పోతుంది. లెక్క తేలింది. వీడియో చివర్లో పొడుగాటి మనిషి ఒకడు తెల్ల బూట్లేసుకుని చప్పట్లు కొడుతూ వచ్చాడు.

"నీ చెయ్యి మారింది," అన్నాడు సంపత్.

"మారలే."

"ఇంచు మారింది. ఎవరు మార్చిండ్రు?"

"ఎవరు మారుస్తరు? నా చెయ్యి నాకు తెల్వదా?"

"నా ముందట పాత తీరుగ, అక్కడ కొత్త తీరుగ! గీ దాచుడు ఎందుకు?"

"ఏం దాచిన? నీకేమన్న పిచ్చి లేసిందా?"

మందు అతని చేతిలోనే ఉంది. ములికి ఒకటిన్నర గ్రాము తేలిక చేస్తే చాలు. ముందు బరువు తగ్గితే కాడ తక్కువ వంగుతుంది, బాణం మళ్లీ దారికొస్తుంది. ఒక్కో బాణానికి పది నిమిషాల పని. ఆ పని ఇంకెవరికైనా అడక్కముందే చేసేవాడు. ఇప్పుడు మాత్రం చేయడానికి చేతులు రాలేదు. ములికి తగ్గించడమంటే, శరత్‌చంద్ర దిద్దిన చెయ్యికి తను వంగి సలాము కొట్టడమే అనిపించింది.

"బాణాలు మంచిగనే ఉన్నయ్. నువ్వే పాత చెయ్యికి రా."

జమున కళ్లు పెద్దవయ్యాయి. "బాణం కోసం నేను మారాల్నా?"

"ఎవరి కోసమో మారినవ్ గద. బాణం కోసం మారితే ఏమాయె?"

ఆమె విల్లు దించింది. తర్వాత నెమ్మదిగా అంది, "గీ బాణాలు నాకోసం చేస్తున్నవా, నీకోసం చేసుకుంటున్నవా?"

సంపత్ ఒక బాణం తీసుకుని ఊరికే ఈకలు సవరించసాగాడు.

"శరత్ కలకత్తా నుంచి కొత్త బాణాల సెట్టు తెప్పిస్తనన్నడు. వద్దు, మావోడు చేసిస్తడని చెప్పిన. నాదే బుద్ధి తక్కువ."

బాణాలను విసరడమైతే విసిరింది గానీ వేరే లేవు కాబట్టి మళ్లీ ఒక్కొక్కటే ఏరుకుంది. బయట చినుకులు మొదలయ్యాయి. గొడుగు ఇవ్వబోతే తీసుకోకుండా, దుపట్టా నెత్తిన వేసుకుని బస్టాప్ వైపు నడిచింది. 'మావోడు' అన్న మాట సంపత్‌కు అయిదు నిమిషాల తర్వాత వినపడింది. అప్పటికే బస్సు కదిలిపోయింది.

ఆ తర్వాత అయిదు రోజులు సంపత్ పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. శరత్‌చంద్ర ఇన్‌స్టాగ్రామ్ పేజీని కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చదివాడు. కారు పక్కన శరత్, మానేరు డ్యామ్ మీద శరత్, మెడల్ కొరుకుతున్న శరత్. మెడల్ ఎందుకు కొరుకుతారో, తినేదా అది! నూట పన్నెండో ఫొటోకు వేలు జారి లైక్ పడింది. తీసేశాడు. తీసేసినా వాడికి తెలుస్తుందేమోనని అన్నం సహించలేదు. ఇంతవరకు కన్నెత్తి చూడని కలకత్తా నగరం మీద కూడా కోపం వచ్చింది.

కైలాసం ఇదంతా కళ్లద్దాల పైనుంచి గమనిస్తూనే ఉన్నాడు.

"ఓరి, గది మోటారు షాఫ్టురా, శరత్‌చంద్ర కాదు. జర నిమ్మలంగ కొయ్యి."

"నువ్వు ఊకో బాపు."

"చెయ్యి ఆ పిల్లది, విల్లు ఆ పిల్లది. కందకు లేని దురద కత్తిపీటకెందుకురా?"

"దురద కాదు బాపు. మంట."

కైలాసం నవ్వలేదు. లేత్ ఆపేసి కొడుకు భుజం మీద చెయ్యేశాడు. "మంటైతే ఆ పిల్లకు చెప్పుకో. గా ఇత్తడి ముక్కలకు చెప్తే ఏమొస్తది? ఇంకొకటి చెప్పాల్నా? ఆ పిల్లకు పది రోజులే టైముండె. అందుల అయిదు నువ్వే తిన్నవ్."

ఆ మాట బాగా తగిలింది. ఆ సాయంత్రమే సంపత్ ఆరున్నర గ్రాముల ములుకులు పన్నెండు తీశాడు. మర్నాడు వాటిని డబ్బాలో వేసుకుని, లక్క, చిన్న స్పిరిట్ దీపం సంచిలో పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కాడు. దారి పొడవునా తనకు తాను ఒకటే చెప్పుకున్నాడు: ముందు నా కళ్లతో చూస్తాను. ఆ శరత్‌గాడు ఆమె మోచెయ్యి పట్టుకుని నేర్పుతుంటే మాత్రం, ములుకులన్నీ మానేరులో పోసి వచ్చేస్తాను.

గ్రౌండ్ గేటు పక్కన టీ బండి చాటున నిలబడి చూశాడు. సన్నగా తుంపర పడుతోంది. జమున విల్లెత్తింది. పూర్తిగా, దవడ దాకా గుంజింది. ఎంత బాగా గుంజిందంటే, కడుపు మండుతున్నా 'శెభాష్' అనబోయి నాలుక కరుచుకున్నాడు. బాణం కుడికి పోయి నీలంలో పడింది.

శరత్‌చంద్ర ఎక్కడా అని చూస్తే, నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని పెద్దమనిషిలా నిలబడి ఉన్నాడు. మోచెయ్యి పట్టుకోలేదు, గొడుగు కూడా పట్టలేదు. తప్పు పట్టడానికి బస్సెక్కి వచ్చినవాడికి తప్పు దొరక్కపోతే ఎంత బాధో సంపత్‌ను అడగాలి. ఇక ఆగలేక గ్రౌండ్‌లోకి నడిచాడు.

"మీరేనా సంపత్ భయ్యా?" శరత్ ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. "రోజు మీ ముచ్చటే. 'సంపత్ గిట్ల చెప్పిండు, సంపత్ గట్ల చెప్పిండు.' నాకైతే మిమ్మల్ని ఎప్పుడో చూసినట్టున్నది."

సంపత్ జమున వైపు చూశాడు. తను లేని చోట ఆమె నోట తన పేరు ఉందన్నమాట! జమున ముఖం తిప్పుకుని గబగబా బాణం తొడిగింది. గుంజి వదిలింది.

నేరుగా పోయి పసుపులో దిగింది.

"ఏంది?" అన్నాడు శరత్. "ఇంకొకటి ఎయ్యి."

అదీ పసుపులోనే. మూడోది రెండోదాన్ని రాసుకుంటూ దిగింది. నెల రోజులుగా కుడికి పోయిన బాణాలు ఇప్పుడు బుద్ధిమంతుల్లా ఒక్కచోట చేరాయి.

శరత్ టార్గెట్ వైపు చూశాడు, జమున వైపు చూశాడు, సంపత్ వైపు చూశాడు. ఆటలో నలిగిన మనిషి కదా, అతనికి ముందు అనుమానం వచ్చింది. "సంపత్ భయ్యా, ఏమనుకోవద్దు. జర గా టీ బండి దాక పోయి రాండ్రి."

"నేనెందుకు పోవాలె?" సంపత్‌కు మళ్లీ ఒళ్లు మండింది.

"పోండ్రి, చెప్త."

పోయాడు. జమున వేసింది. కుడి, నీలం.

"ఇప్పుడు రాండ్రి!"

వచ్చి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. జమున వేసింది. పసుపు.

ఇలా మూడుసార్లు పంపి, మూడుసార్లు పిలిచాడు శరత్. టీ బండి దగ్గర కూర్చున్నవాళ్లు సంపత్ ఎందుకు వస్తున్నాడో, ఎందుకు పోతున్నాడో తెలియక టీలు చల్లార్చుకున్నారు. మూడోసారి వచ్చేటప్పుడు సంపత్ టార్గెట్‌ను చూడలేదు. ఆమెకు బాణాలు చేసిన ఎనిమిది నెలల్లో మొదటిసారి, బాణాన్ని వదిలేసి ఆమె పిడికిలిని చూశాడు. తను దగ్గరికి వచ్చేకొద్దీ ములికి బయటికి జరిగింది. అర ఇంచు, ఇంచు, ఇంచున్నర. దవడ దాకా పోవలసిన చెయ్యి పెదవి దగ్గరే ఆగిపోయింది. మెడ మీద చెమట మెరిసింది.

"బాణాలు కరెక్టే భయ్యా," అన్నాడు శరత్. "మీరు పక్కన ఉన్నప్పటి కొలతకు చేసిండ్రు. మీరు లేనప్పుడు ఆమె కొలత వేరే."

జమున విల్లు దించి నేలలోకి చూస్తోంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

శరత్ నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే ఆగింది. "నెల సంది నేను నాలుగడుగుల దూరంల నిలబడుతున్న. ఒక్కరోజు కూడా ఆమె చెయ్యి ఇంచు తగ్గలే." తెల్ల బూట్ల మీది బురద చూసుకున్నాడు. "కలకత్తా ఆర్డర్ క్యాన్సిల్ చేస్త," అని కారు వైపు నడిచాడు. అయిదు రోజులుగా సంపత్ మోసిన మంట ఇప్పుడు ఆ పొడుగాటి మనిషి మోసుకుపోతున్నాడు. సంపత్‌కు సంతోషం కలగాలి. ఎందుకో జాలే కలిగింది.

ఇద్దరే మిగిలారు. తుంపర కాస్త పెరిగింది.

"చెప్పొచ్చు గద," అన్నాడు సంపత్ చివరికి.

"ఏమని చెప్పాలె? నాకు మాత్రం తెలుసా?" జమున ఒక్కసారిగా అతని వైపు తిరిగింది, కోపంతోనో సిగ్గుతోనో. "ఫస్ట్ రోజు స్కెచ్ పెన్ను పట్టుకొని మెడ కాడికి వచ్చి నిలబడ్డవ్. 'గుంజు, ఇంకా గుంజు' అన్నవ్. ఊపిరి ఆడితే గద గుంజనీకి! గంతే గుంజిన. ఆ గంతకే బాణాలు చేసినవ్. ఆదివారం ఆదివారం నీ పక్కన నిలబడితే గంతే వచ్చేది, మిగిలిన రోజులు కూడా గదే అలవాటుగ గుంజిన. మూడు వారాలు ఎగ్జామ్స్ అని రాలేదు. నువ్వు లేవు, చెయ్యి దాని అంతట అదే పూర్తిగ సాగింది. నన్నెవరు మార్చలే."

సంపత్ సంచి కింద పెట్టి, తడిసిన గడ్డిలోనే కూర్చున్నాడు. మగవాడు నిలబడి చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి.

"నాకు కుళ్లు," అన్నాడు. "గాయన పేరు నీ నోట్ల వింటేనే ఒంటికి కారం పూసినట్టయింది. నీ బాణం తప్పు పోతున్నదని తెలిసి కూడా బాగు చెయ్యలే. అయిదు రోజులు నీయి పాడు చేసిన. నిన్ను ఇంకోని పక్కన చూడలేను జమునా. ఎనిమిది నెలల సంది గిదే చెప్దామని... ప్రతి ఆదివారం ములికి గురించి మాట్లాడి పంపిస్తున్న."

ఆమె విల్లు గడ్డి మీద పెట్టింది. తర్వాత దగ్గింది. ఆ దగ్గు విని సంపత్ తలెత్తాడు.

"ముందుగాల్ల బాణాలు బాగు చెయ్యి," అంది, దుపట్టా కొసతో ముఖం తుడుచుకుంటూ. "తిట్టుడు తర్వాత తిడ్త."

టీ బండి రేకు కింద దీపం వెలిగించాడు. లక్క కరిగించి పాత ములుకులు ఊడదీసి, ఆరున్నర గ్రాములవి ఒక్కొక్కటే అతికించాడు. జమున పక్కన కూర్చుని చల్లారిన బాణాలను నేల మీద దొర్లించి వంకర చూసింది. అయ్యాక అతన్ని గేటు బయటికి పంపించేసి వేసింది. కేక వేసి పిలిస్తే వెళ్లి చూశాడు. బోడి బాణంతో సహా ఏడూ పసుపులో ఉన్నాయి. ఎడమా లేదు, కుడీ లేదు.

అది చూసి సంపత్‌కు పొంగిపోవాలనిపించింది. వెంటనే ఇంకొక సంగతి తట్టి ఆ పొంగు చల్లారింది. ఇప్పుడీ బాణాలు పూర్తి గుంజుడుకు కుదిరినవి. ఇంచు తగ్గితే ఎడమకు పోతాయి. అంటే, తను దగ్గరుంటే ఆమె ఓడిపోతుంది.

"నేను పక్కనుంటే నీ ఆట పోతది గద జమునా. ఎట్ల మరి? జీవితమంత గేటు బయట నిలబడాల్నా?"

ఆమె విల్లుకు నారి విప్పుతూ ఉండిపోయింది. ఆ మౌనాన్ని మోసుకునే సంపత్ ఇంటికి చేరాడు. ఇదివరకటి కుళ్లు ఒకడి మీద. ఇప్పుడు తన మీద తనకే భయం.

సెలెక్షన్ రోజు వెళ్లకూడదనుకున్నాడు. కాళ్లు వినలేదు. కరీంనగర్ గ్రౌండ్‌లో నీళ్ల ట్యాంకర్ వెనక నక్కి, టైరు పక్కనుంచి చూశాడు. తాడు కట్టిన చోట లస్మవ్వ కూతురి నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది. శరత్‌చంద్ర అందరి స్కోర్లూ చూసి బోర్డు మీద రాస్తున్నాడు.

పొద్దెక్కేకొద్దీ జమున పేరు పైకీ కిందికీ ఊగింది. చివరి మూడు బాణాలు మిగిలేసరికి అయిదో స్థానంలో ఉంది. నాలుగో స్థానంలో ఉన్న దీక్షిత తన ఆట ముగించేసింది. మూడు బాణాలూ పసుపులో పడితేనే జమునకు సీటు. ఒక్కటి ఎరుపు తాకినా ఇంటికే.

గంట మోగింది. జమున గీత మీదికి వచ్చింది. విల్లు ఎత్తలేదు. వెనక్కి తిరిగి జనంలోకి చూసింది. ఎడమకు చూసింది, కుడికి చూసింది. ట్యాంకర్ టైరు దగ్గర ఆమె చూపు ఆగింది.

సంపత్ తల వెనక్కి లాక్కున్నాడు. మెల్లగా మళ్లీ పెట్టాడు. ఆమె ఇంకా అటే చూస్తోంది. చేత్తో రమ్మంది.

రానని తల ఊపాడు. చేతులు జోడించాడు. ఎయ్యి, టైమ్ అయిపోతుందని వేళ్లతో గడియారం చూపించాడు. ఆమె విల్లు కాలి బూటు మీద ఆనించి, నువ్వు వస్తేనే అన్నట్టు నిలబడింది. గడియారంలో సెకన్లు కరిగిపోతున్నాయి. "ఎయ్యవేం బిడ్డా!" అని లస్మవ్వ కేకేసింది.

సంపత్ పరుగెత్తుకొచ్చి తాడు దగ్గర నిలబడ్డాడు. వాళ్లిద్దరి మధ్యా పది అడుగులు కూడా లేవు. ఆమె మెడ మీద చెమట కనిపించింది. ఈ పిల్ల తన ఆటను, తన బతుకును తెచ్చి నా ముందు పెడుతోందే, నేనేం చేయాలి దేవుడా అనుకున్నాడు. చేయగలిగింది ఏమీ లేదు, కదలకుండా నిలబడటం తప్ప.

జమున గుంజింది. పెదవి దాకా వచ్చి చెయ్యి ఆగింది. ములికి ఇంచున్నర బయటే ఉంది. సంపత్ కళ్లు మూసుకోబోయాడు. ఆమె వదల్లేదు. ముక్కుతో మెల్లగా, పొడుగ్గా ఒక ఊపిరి తీసుకుంది. భుజం వెనక్కి తిరిగింది. ఇంచు, అర ఇంచు. చెయ్యి దవడకు ఆనింది.

టప్. పసుపు.

రెండోసారి చెయ్యి పెదవి దగ్గర క్షణమే ఆగింది. పసుపు. మూడోసారి ఎక్కడా ఆగలేదు. సంపత్ ఎవరో, ఎక్కడున్నాడో మరిచిపోయినట్టు గుంజి వదిలింది. గుర్తులేక కాదు, ఆ సంగతి ఎర్రబడ్డ ఆమె చెవులు చూస్తేనే తెలుస్తోంది. బాణం పోయి రెండింటి మధ్యా దిగింది. బోర్డు మీద నాలుగో పేరు మార్చింది శరత్‌చంద్రే. మార్చి, దూరం నుంచే సంపత్‌కు బొటనవేలు చూపించాడు.

లస్మవ్వ కూతుర్ని వాటేసుకుంది, ఏడ్చింది, మస్కట్‌కు ఫోన్ కలపమంది. అది కలిసేలోపు తాడు అవతల ఇంకా రాయిలా నిలబడి ఉన్న కుర్రాడు మళ్లీ ఆమె కంటపడ్డాడు.

"గీ పిలగాడు ఎవరే? ఆట ఇడిసిపెట్టి మరీ పిలిచినవ్?"

"సంపత్," అంది జమున. అతని ముందు అతని పేరు ఆమె నోట రావడం అదే మొదలు. "నా బాణాలు చేసేది గాయననే అవ్వా."

"మరి బాణాలు చేసేటోడు బాణాలు చేసుకోవాలె. గంత గండంల దగ్గరికెందుకు పిలుసుడు? పానం దడదడలాడింది నాకు."

"దగ్గరుంటే నాకు చెయ్యి ఆగుతది."

"ఆగుతదని తెలిసి పిలిచినవా!"

"రేపటి సంది దగ్గర్నే ఉంటడు గద అవ్వా," అంది జమున, విల్లు అంచు గీకుతూ. "ఉండంగ కూడ గుంజుడు నేర్చుకోవద్దా?"

లస్మవ్వ కూతుర్ని చూసింది. తర్వాత సంపత్‌ను కింది నుంచి పైదాకా తీరిగ్గా చూసింది. అంతలో మస్కట్ నుంచి ముత్యం "హలో, హలో, ఏమాయె?" అని అరవసాగాడు.

"బిడ్డ గెలిచింది," అంది లస్మవ్వ ఫోన్‌లో. "సంబంధాలు చూసుడు బందు పెట్టు. ఎందుకో తర్వాత చెప్త." ఫోన్ చెవి నుంచి తీసి కూతురితో మెల్లగా అంది, "అది సరే గని, గా పిలగాన్ని ముందు ఊపిరి తీసుకొమ్మను. నువ్వు ఫస్ట్ బాణం తొడిగినప్పటి సంది బిగబట్టుకొని ఉన్నడు."